గొంతు కింద నాడి

క్యాసెట్టు బీరువా పైఅరలో, తాయారు పట్టుచీరల మడతల మధ్య ఉండేది. తెల్ల జేబురుమాలులో చుట్టి, ఆ చుట్టు విడిపోకుండా పిన్నీసు పెట్టి ఉంచాడు గవర్రాజు. ఏడాదికోసారి చీరలు ఎండలో వేసేటప్పుడు ఆ మూటను చేతిలోకి తీసుకుని, బరువు చూసినట్టు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసేవాడు. విప్పేవాడు కాదు. వినేవాడు అంతకంటే కాదు.

దుఃఖం వల్ల వినడం లేదని అందరూ అనుకునేవాళ్ళు. అది సగమే నిజం. గవర్రాజు రైల్వేలో సిగ్నళ్ళు, టెలిఫోన్లు చూసే విభాగంలో ఇనస్పెక్టరుగా చేసినవాడు. టేపు తిరిగిన ప్రతిసారీ దాని పూత కాస్త అరుగుతుందని తెలిసినవాడు. అందుకే ముసలితనంలో విందామని దాచుకున్నాడు. ముసలితనం వచ్చి కూర్చున్నా, ఇంకా రానట్టే వాయిదా వేస్తూ వచ్చాడు.

అందులో ఉన్నది అతని భార్య తాయారు గొంతు. మంగతాయారు సామర్లకోట జంక్షన్లో అనౌన్సరు. ఇప్పటిలాగా యంత్రాలు ముక్కలు ముక్కలుగా అతికించి చెప్పే రోజులు కావవి. చిన్న గదిలో, స్టూలు మీద కూర్చుని, మైకు ముందు మనిషే చెప్పాలి. "దయచేసి వినండి" అని ఆమె మొదలుపెడితే కూలీలు సైతం తలగుడ్డ సర్దుకుని నిలబడేవారు. బండి ఆలస్యమని చెప్పినా ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆ ఆలస్యం ఆవిడ ఇంట్లో జరిగినట్టు, దానికి ఆవిడే నొచ్చుకుంటున్నట్టు ఉండేది ఆ గొంతు.

ఆ టేపు ఎక్కించిన రోజు మైకులో గరగర వస్తోందని గవర్రాజు తీగలన్నీ విప్పి మళ్ళీ కలిపాడు. గరగర పోయిందో లేదో పోల్చుకోవడానికి టేపురికార్డరు తగిలించాడు. తాయారు కాకినాడ పాసింజరు గురించి చెప్పింది. చెప్పాక మైకు ఆపడం మరిచిపోయి భర్తతో ఏదో మాట అంది. ఆ మాట ప్లాట్‌ఫారాలన్నిటి మీదా మోగింది. జనం గొల్లున నవ్వారు. తాయారు నాలుక కరుచుకుంది.

ఆ తరవాత ఆమెకి దవడ లాగింది. వీపు పట్టేసినట్టుందంది. చెమట్లు పోశాయి. గుండెలో నొప్పి అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. గ్యాసే అనుకున్నారు అందరూ. గ్యాసు కాక ఇంకేం ఉంటుంది, నలభై దాటని మనిషికి? ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ కొట్టు పెట్టుకున్న రత్తాలమ్మ పరుగెత్తి గోలీసోడా తెచ్చింది. త్రేన్పు వచ్చింది. అమ్మయ్య అనుకున్నారు. ఇంటికొచ్చి జీలకర్ర నీళ్ళు తాగి పడుకున్న తాయారు, దీపాలు పెట్టే వేళకి లేవలేదు.

ఆ రోజు జరిగిందంతా గవర్రాజుకి గుర్తుంది. తీగ మీద రాగి రంగు గుర్తుంది. జనం నవ్విన నవ్వు గుర్తుంది. మైకులో ఆమె అన్న మాట మాత్రం గుర్తులేదు. ఎన్ని రకాలుగా వెతికినా దొరకలేదు. అది ఆ టేపులో ఉంది. ఉందన్న ధైర్యం మీదే ఇన్నాళ్ళూ గడిపాడు.

*

అతను ఉండే కాకినాడలోనే గుండెజబ్బుల పరిశోధనశాల వాళ్ళు పాత టేపులు కావాలని పేపర్లో వేసినప్పుడు గవర్రాజు వెళ్ళింది టేపు ఇవ్వడానికి కాదు. పాత టేపురికార్డర్లను బాగుచేసే మనిషి వాళ్ళకి అవసరమవుతాడేమో చూద్దామని వెళ్ళాడు. అవసరమే అయింది. అప్పటినుంచీ డబ్బాలో పెరుగన్నం కట్టుకుని వెళ్ళి, బూజు పట్టిన టేపుల్ని దూదితో తుడుస్తూ కూర్చునేవాడు. ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోవడం కంటే అది నయంగా ఉండేది.

శాలకి పెద్ద డాక్టర్ నూర్జహాన్. హైమ వయసు ఉంటుంది. హైమ గవర్రాజు కూతురు, తునిలో టీచరు. తల్లి పోయేనాటికి మూడేళ్ళ పిల్ల.

"బాబాయ్ గారూ, ఇలా రండి. దాసుగారు పాడతారు ఇప్పుడు," అని పిలిచింది నూర్జహాన్ ఒక ఉదయం.

అది ఒక హరిదాసు గారి టేపు. కథ చెబుతూ చెబుతూ వేదిక మీదే కుప్పకూలిన మనిషి. టేపు యంత్రంలోకి వెళ్ళింది. ఆ యంత్రాన్ని శాలలో అందరూ 'చెవి' అనేవారు. సన్నటి నీలి కాంతి టేపు మీద పాకుతుంటే తెర మీద ఒక గీత కదలసాగింది. పాట వినబడలేదు. గీత ఒక్కటే, చిన్న చిన్న అలలుగా.

"మనం మాట్లాడేటప్పుడు ఊపిరిని గుండె లోపల్నుంచి తడుతూనే ఉంటుంది. ఆ తట్టు మన చెవికి అందదు, కానీ గొంతు కింద ఉంటుంది," అంది నూర్జహాన్. "రక్తం అందని గుండె తట్టే తీరు మారిపోతుంది. మనిషికి తెలియకముందే మారుతుంది. అదిగో చూడండి."

గీతలో ఒకచోట అల నలిగింది. చెవి మీద ఎర్ర దీపం వెలిగింది. దాసుగారు ఆ తరవాత కూడా చాలాసేపు పాడారట.

"ఇది ఫోన్లో వింటే?" అన్నాడు గవర్రాజు.

"అదే కదా మన పని. మామూలు ఫోను ఆ అడుగుపొరను పారేస్తుంది. అందుకే ఈ బిళ్ళ. ఫోను వెనక అంటిస్తే ఆ పొర కూడా వస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నా చెవి వింటుంది. తేడా వస్తే రెండువైపులా బిళ్ళ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. మాటలు వినదండోయ్, నాడి ఒక్కటే."

అత్తా కోడళ్ళ తగువులు వినదన్న హామీ మీద ఊళ్ళో చాలామంది బిళ్ళలు అంటించుకున్నారు. గవర్రాజు తన ఫోనుకి ఒకటి అంటించుకుని, సామర్లకోటలో రత్తాలమ్మకీ తనే తీసుకెళ్ళి అంటించాడు. "నా గొంతులో ఏముంటదండీ, ఇడ్లీ ఇడ్లీ అని అరిచిన గొంతు," అని పకపకా నవ్విందామె. ఇప్పుడు కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. ఆదివారం ఆదివారం ఆమె గవర్రాజుకి ఫోను చేస్తుంది. కూరగాయల ధరలు, మోకాళ్ళ నొప్పులు, కొత్తగా కట్టిన ప్లాట్‌ఫారం గురించి మాట్లాడుకుంటారు. ఆ రోజు మాట ఇద్దరూ ఎన్నడూ ఎత్తరు. సోడా తెచ్చింది ఆమె. తాగించింది ఈయన. ఎత్తి ఏం చేస్తారు?

చెవి మగవాళ్ళ విషయంలో తప్పడం లేదు. రిక్షా తొక్కే ఒకతన్ని, ఒక పూజారిని వేళకి ఆసుపత్రికి చేర్చింది. శాలలో లడ్డూలు పంచుకున్నారు. ఆ తీపి నోట్లో ఉండగానే వచ్చింది మరో కబురు. పెద్దాపురంలో బట్టలు కుట్టే ఒకావిడ, బిళ్ళ పెట్టుకున్న మనిషే, పోయింది.

ఆ రోజు నూర్జహాన్ అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"పొద్దున్న మాతోనే మాట్లాడింది బాబాయ్ గారూ. నీరసంగా ఉందమ్మా, పన్ను సలుపుతోంది అంది. చెవి విని ఊరుకుంది. మగవాళ్ళ గుండెలు విని నేర్చుకున్న చెవి అది. ఆడవాళ్ళ గుండె మరోలా నలుగుతుంది. దానికి తెలీదు."

"ఆడవాళ్ళ టేపులు పెట్టి నేర్పకపోయారా?"

"ఎక్కడున్నాయి? మనవాళ్ళు ఉపన్యాసాలు రికార్డు చేశారు, హరికథలు చేశారు, వేలంపాటలు కూడా చేశారు. ఇంట్లో ఆడమనిషి మాట్లాడిన మాట ఎవరు పట్టి ఉంచారు చెప్పండి? అందులోనూ ఆఖరి రోజుది, అందులోనూ ఒంట్లో బాగోలేనప్పటిది."

గవర్రాజు చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఒక టేపు ఎక్కడుందో అతనికి తెలుసు. ఆ గదిలో మరెవరికీ తెలీదు. చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు.

"టేపు చెవిలోకి వెళ్ళాక, అమ్మా... మాట కూడా వస్తుందా?" అన్నాడు, ఏదో అడగాలని అడిగినట్టు.

నూర్జహాన్ తల అడ్డంగా ఊపింది. "మాట పైపొరలో ఉంటుంది, నాడి అడుగున. అడుగుదాకా వెళ్ళాలంటే ఆ కాంతికి పైపొర కాలిపోతుంది. దాసుగారి మనవడు ఆ కథ ముందే వేరేచోట ఎక్కించుకున్నాడు కాబట్టి సరిపోయింది. కానీ మన గోదావరి చెమ్మకి నానిన టేపులుంటాయే, వాటిని ఒక్కసారి తిప్పితే పూత పొడిపొడిగా రాలిపోతుంది. రెండోసారి లేదు. వాటి దగ్గర మాటైనా తీసుకోవాలి, నాడైనా తీసుకోవాలి."

*

ఇంటికి వచ్చి బీరువా తెరిచాడు. పిన్నీసు తీశాడు. జేబురుమాలు విప్పితే పసుపు, కర్పూరం కలిసిన చీరల వాసన వచ్చింది. టేపు అంచుని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. పూత అక్కడక్కడా పొక్కులు లేచి ఉంది. ఒక్కసారే. అతని అనుభవం కూడా అదే చెప్పింది.

హైమకి ఫోను చేశాడు. అంతా చెప్పాడు. అవతల కుక్కరు కూత వినబడుతోంది. హైమ పొయ్యి ఆపి వచ్చింది.

"నాకు పెళ్ళయిన రోజున వినిపిస్తానన్నావు," అంది.

"అన్నాను."

"పిల్లాడు పుట్టాక వినిపిస్తానన్నావు."

"భయమేసిందమ్మా. ఒకసారి వింటే అయిపోతుందని."

"నాకు అమ్మ గొంతు తెలీదు నాన్నా. ఒక్క ముక్క కూడా తెలీదు. నీకు తెలుసు కాబట్టి నువ్వు ఇచ్చెయ్యగలవు. నేను దేన్ని ఇవ్వాలి?"

గవర్రాజు టేపుని మళ్ళీ జేబురుమాలులో చుట్టాడు. హైమే మళ్ళీ అడిగింది, ముక్కు చీదుకుని:

"ఆ బట్టలు కుట్టే ఆవిడకి పిల్లలున్నారా?"

"ఇద్దరు ఆడపిల్లలట."

"ఇచ్చెయ్యి. రేపే ఇచ్చెయ్యి. ఎల్లుండికైతే నేను వద్దంటాను."

*

నూర్జహాన్ టేపు అందుకుని, అది ఎవరిదో తెలిశాక, అతని ముఖంలోకి చూసింది. "ఇంకోసారి ఆలోచించుకోండి," అంది. "ఆలోచించుకోవడానికే ఇన్నేళ్ళు పట్టిందమ్మా," అన్నాడు గవర్రాజు.

నీలి కాంతి పాకింది. కాలిన లక్కలాంటి వాసన లేచింది. కాంతి దాటినచోట గోధుమరంగు టేపు గాజులా తెల్లబడిపోతోంది. తాయారు గొంతు అలా అంగుళం అంగుళం వెలిసిపోవడం అతను చూశాడు. తరవాత తెర వైపు తిరిగాడు.

తెర మీద తాయారు గుండె నడుస్తోంది.

ఎప్పుడో ఆగిపోయిన గుండె. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కన పడుకుని చెవి ఆనించి విన్న గుండె. అలలు మెత్తగా లేచి పడుతున్నాయి. మగవాళ్ళ గీతల్లో నలిగినట్టు ఇది ఒక్కచోట నలగలేదు. అల వెంట అల కొద్దికొద్దిగా వెనకబడుతూ పోయింది, అలిసిన మనిషి గుంపులో వెనకబడినట్టు.

"ఇదీ తేడా," అంది నూర్జహాన్ గొంతు తగ్గించి. "దీన్నే అది పట్టుకోలేకపోయింది. ఇక నేర్చుకుంటుంది."

ఉన్నట్టుండి గీత ఎగిరింది. వరసగా చిన్న చిన్న గంతులు, అల్లరి పిల్ల తాడాట ఆడినట్టు.

"ఇక్కడేమిటో?" అన్నాడు గవర్రాజు.

నూర్జహాన్ పరీక్షగా చూసింది. ఆమె పెదవుల మీద సన్నటి నవ్వు వచ్చింది. "నవ్వారు బాబాయ్ గారూ. పిన్నిగారు ఏదో అని నవ్వారు."

మాట కాలిపోయింది. నవ్వు మిగిలింది. గవర్రాజు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఖాళీ అయిన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, పిన్నీసుని చొక్కా జేబు అంచుకి గుచ్చుకుని ఇంటికి నడిచాడు. అది పారేసే వస్తువు కాదని తెలుసు. ఎందుకో మాత్రం గుర్తులేదు.

*

వానాకాలం వెళ్ళి, చలి మొదలైంది. గవర్రాజు శాలకి వెళుతూనే ఉన్నాడు. ఇంటి దగ్గర మందార మొక్కకి మొగ్గలు వేసే పాత అలవాటు తిరిగి వచ్చింది. ఒకరోజు పక్కింటివాళ్ళు చిక్కుడుకాయలు పంపారు. చిన్న చిన్న మేళ్ళు జరుగుతూనే ఉంటాయి లోకంలో, చూసుకోవాలంతే అనుకుంటూ అవి వొలుస్తుంటే ఫోను మోగింది. ఆదివారం కాదు. అయినా రత్తాలమ్మే.

"ఇనస్పెక్టరు గారండీ, ఏం చేత్తన్నారు?"

"చిక్కుడుకాయలు వొలుస్తున్నాను. నీ గొంతేంటి అలా ఉంది?"

"ఏవుందండి, నీరసం. పొద్దున్న పెసరట్టు తిన్నానా, అది అడ్డం పడినట్టుంది. దవడ లాగేత్తంది. పన్నేమో మరి. ఊసుపోక మీకు చేశాను."

గవర్రాజు ఫోనుని చెవి నుంచి తీసి చూశాడు. బిళ్ళ మీద దీపం ఎర్రగా ఉంది.

చిక్కుడుకాయల చేట ఒళ్ళోంచి జారిపోయింది. గొంతు మాత్రం జారనివ్వలేదు. రైల్వే మనిషి. లైను మీద ఏదన్నా అయితే ముందు మాట నిలవాలని నేర్చుకున్నవాడు. ఇంట్లో ఇంకా తీగ ఫోను ఉంచుకున్నాడు. మొబైలు ఒక చెవికి పెట్టుకునే ఉండి, ఆ తీగ ఫోనుతో నూట ఎనిమిదికి చేశాడు. "ఆడమనిషి, డెబ్బై దగ్గర, గుండెపోటు అనుమానం, సామర్లకోట స్టేషను వెనక వీధి" అని చెప్పి, వాళ్ళని ఆ లైన్లోనే ఉంచి, ఈ లైన్లోకి వచ్చాడు.

"రత్తాలూ, ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. కొట్టుకాడున్నారు. నేనే నడుచుకుంటా పోయి ఓ సోడా తాగొత్తే..."

"సోడా వద్దు."

ఇన్నేళ్ళలో ఆ మాట వాళ్ళ మధ్యకి రావడం అదే మొదలు.

"ఆ రోజు నేనే కదండీ తెచ్చాను..." అంది రత్తాలమ్మ.

"సోడాకి ఏ పాపమూ లేదు. మనకి తెలీలేదు, అంతే. ఇవాళ తెలుసు. ఇది గ్యాసు కాదు రత్తాలూ, గుండె. చెవి చెప్పింది. నడవకు. ఉన్నచోటే కూర్చో."

"ఊరుకోండి బాబూ, గుండేంటి? పొయ్యి మీద పాలున్నాయి, దింపేసి..."

లేస్తోందని మంచం కిర్రుమన్న చప్పుడుకి తెలిసింది. ఎలా ఆపాలి? బతిమాలితే వినే మనిషి కాదు, కేకలేస్తే అసలు వినదు. గవర్రాజు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"దయచేసి వినండి," అన్నాడు, తన జన్మలో ఎన్నడూ వాడని గొంతుతో. "సామర్లకోట నుండి కాకినాడ వెళ్ళవలసిన రత్తాలమ్మ గారు కూర్చున్నచోటనే కూర్చుని ఉండవలసిందిగా కోరుతున్నాము. బండి మీ ఇంటి ముందుకే వచ్చుచున్నది."

అటునుంచి నీరసంగా, ఆయాసంగా, నవ్వు.

"ఏంటండీ బాబూ ఇది... కూకున్నాలెండి. గోడకి జేరబడ్డాను."

"మోకాళ్ళు మడిచి కూర్చో. రవిక హుక్కు వదులు చేసుకో. తలుపు తీసే ఉందా?"

"ఆయ్, తీసే ఉంది."

తీగ ఫోనులోని అమ్మాయి అడిగినవన్నీ ఇటు అడిగాడు. కడుపులో పుండ్లున్నాయా? రక్తస్రావమేదైనా ఉందా? యాస్ప్రిన్ పడదా? పడుతుంది, మొన్న తలనొప్పికి కొడుకు తెచ్చిన మాత్రలు దిండు కింద ఉన్నాయి. పేరు కూడబలుక్కుని చదవమన్నాడు. అది యాస్ప్రినే. అటునుంచి సరేనన్నాక, "మింగకు, నమిలెయ్. చేదుగా ఉంటుంది, నమలాల్సిందే," అన్నాడు.

"ఛీ, ఏం మందండీ," అంది నములుతూ. "పాలు పొంగిపోతన్నాయండి."

"పొంగనీ."

మాట ఆగకుండా చూసుకున్నాడు. స్టేషనులో కూలీల గురించి అడిగాడు, ఆమె చట్నీలో ఏం కలిపేదో అడిగాడు. "మీకు చెప్తే కొట్టెట్టేత్తారు," అంది. ఆ తరవాత జవాబులు పొట్టివైపోయాయి. చివరికి బండి కూత ఫోనులోనే వినబడింది, ఎవరో పరుగెత్తుకొచ్చిన అడుగులు, "అమ్మా, లేవకండి, మేం ఎత్తుకుంటాం" అన్న మాట. పొయ్యి ఎవరో ఆపారు. గవర్రాజు రెండు ఫోన్లూ పెట్టేసి, కింద చెల్లాచెదురైన చిక్కుడు గింజల మధ్య కూర్చుండిపోయాడు.

*

దారిలో గుండె ఒకసారి గతి తప్పిందట. బండిలో ఉంది కాబట్టి కరెంటు పెట్టి దారికి తెచ్చారు. ఆసుపత్రిలో పూడిన నాళం తెరిచారు. రెండోరోజు చూడనిచ్చారు. గుమ్మం దగ్గరే నూర్జహాన్ ఎదురైంది.

"చెవి ఏ టేపుతో పోల్చుకుందో చూశాను," అంది. అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలింది.

రత్తాలమ్మ దిళ్ళకి ఆనుకుని ఉంది. ముఖం పాలిపోయినా కళ్ళలో ఆ పాత చురుకు పోలేదు.

"పెద్ద అనౌన్సరండీ మీరు," అంది. "అమ్మగారి పేరు నిలబెట్టేశారు."

"ఆవిడలా ఎక్కడ వస్తుంది."

"నిజమేలెండి. మీది గొడ్డు గొంతు." కాసేపు దుప్పటి అంచు నలిపింది. "ఆ రోజు మాట ఎన్నిసార్లు గుర్తొచ్చి నవ్వుకున్నానో. మీ ముందు ఎత్తేదాన్ని కాదు గానీ. మీకాడ క్యాసెట్టే ఉంది కదా, నేను చెప్పేదేంటనుకునేదాన్ని."

గవర్రాజు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "క్యాసెట్టు లేదు రత్తాలూ. ఇచ్చేశాను."

"అయ్యో! ఎవరికండీ?"

నీకే అనబోయాడు. అనలేదు. "అవసరం పడింది," అన్నాడు. "ఆ మాట... నీకు గుర్తుందా?"

"గుర్తుండకపోడమేంటండీ! స్టేషనంతా వింది. కాకినాడ పాసింజరు చెప్పారు. మైకు కట్టెయ్యలేదు. 'ఏవండీ, ఆ తీగలు తర్వాత చూద్దురు గానీ ఇలా రండి. చొక్కాకి బొత్తాం ఊడి, పొద్దుట్నుంచీ బొజ్జ బయటెట్టుకుని స్టేషనంతా తిరుగుతున్నారు. ఇదిగో పిన్నీసు' అన్నారు. జనం ఒకటే నవ్వు. ఎవరికి వాళ్ళు బొత్తాలు చూసుకోడమే! తర్వాత మైకు కట్టేత్తా, మెల్లిగా, 'ఈ బండి పంపేసి ఇంటికి పోదామండీ, అలిసిపోయాను' అన్నారు."

గవర్రాజు చెయ్యి దానంతటదే చొక్కా జేబు అంచుకి వెళ్ళింది. పిన్నీసు అక్కడే ఉంది. తాయారు గాజులకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతుండేవి. అందులోంచి ఒకటి తీసి, నవ్వాపుకుంటూ, దగ్గరికి వచ్చి... ఆమె వేళ్ళు, గాజుల చప్పుడు, పౌడరు వాసన, ఇన్నేళ్ళూ మూసుకుపోయిన గది ఒక్కసారి తెరుచుకున్నట్టయింది.

"అలాగే అందా? ఇప్పుడు నువ్వు అన్నట్టే, మాట చివర లాగుతూ?"

"అచ్చం. కొట్లవాళ్ళం ఆవిడలాగా మాట్టాడి ఎక్కిరించేవాళ్ళం. ఆవిడ గొంతు నాకు వచ్చినట్టు ఎవరికీ వచ్చేది కాదు. అమ్మగారే నవ్వి, నేను సెలవు పెడితే నువ్వు కూర్చోవే రత్తాలూ అనేవారు."

గవర్రాజు ఫోను తీశాడు. తునిలో బడి విడిచిన వేళ. హైమ వెంటనే ఎత్తింది, ఆదుర్దాగా. "నాన్నా? ఆవిడకెలా ఉంది?"

"బాగుంది. నువ్వు ఎక్కడన్నా కూర్చో తల్లీ. కూర్చుని విను."

ఫోను రత్తాలమ్మ నోటి దగ్గర పట్టుకున్నాడు. ఆమె అతని వైపు చూసింది, ఫోను వైపు చూసింది. విషయం అర్థమైంది. ముంగురులు సర్దుకుంది, దిళ్ళకి ఆనుకునే కాస్త నిటారుగా కూర్చుంది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. మందులు పంచుతున్న నర్సు ఆగింది. ఫోను వెనక బిళ్ళ మీద దీపం నిలకడగా, పచ్చగా వెలుగుతోంది.

రత్తాలమ్మ గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి," అంది.